కుట్టు కింద దాచిన అంగుళం

ముప్పై ఏళ్లు గుండుసూదులు పట్టిన మూతి ఇది.
బ్రాడీపేటలో నా కొట్లో
ట్రయల్ అద్దం ముందు ఎవరో ఒకరు తిరుగుతుంటారు,
చంక దగ్గర పట్టేసిందనో, మెడ ఇంకాస్త దిగాలనో.
వాళ్ల వెనక నేను,
పెదాల మధ్య నాలుగు సూదులు.
ఊఁ, ఊహూఁ. అంతే నా మాటలు.
అద్దంలో నాకు నేనెప్పుడూ
మూసిన మూతిగానే కనిపించాను.

అసలే సన్నం.
"మూతి ఎక్కడే దొర్కా, చెరిపేశావా?" అని
బళ్లో పలక మీద గీసి చూపించేవాళ్లు,
ఒకటే గీత.
పెళ్లి ఫొటోలో లిప్‌స్టిక్
పెదం మీద కంటే చర్మం మీదే ఎక్కువుంది.

చీటీ పాడాను.
ఓవర్‌లాక్ మిషన్ కొంటుందనుకున్నారు అందరూ.

కొత్తపేటలో మూడో అంతస్తు.
డాక్టరమ్మ చిన్నపిల్ల,
జాకెట్టు చేతులు రెండు వేళ్లు వదులు,
చెబుదామని నోటిదాకా వచ్చి ఆగింది.
"బయటి మందు కాదండీ, మీదే తీసి మీకే పెడతాను.
పొట్ట కింద సిజేరియన్ మచ్చ ఉందిగా,
అక్కడ విప్పి, లోపలి చర్మం, కాస్త కొవ్వు
సన్నటి పట్టీలా తీసి పెదంలోకి పంపిస్తాను."
లంగాలో బొందు ఎక్కించినట్టేగా, అన్నాను.
ఆవిడ పెన్ను పక్కన పెట్టి మరీ నవ్వింది.

ఆడపిల్ల ఎదుగుతుందని
జాకెట్టు లోపల అంగుళం వదిలి కుడతాం.
ఎవరికీ కనపడదు.
ఏళ్ల తర్వాత విప్పితే
ఎండ తగలని ఆ గుడ్డ
కొన్ననాటి రంగుతోనే ఉంటుంది.

ప్రిసిల్ల మాత్రం ఫోన్లో కయ్యిమంది.
"అది నేనొచ్చిన తలుపు.
నన్నడక్కుండా ఎట్టా తీయించావే?"
ఖాళీ చేసి ఇరవై రెండేళ్లయింది, తాళం నాదేగా అన్నాను.
ఇద్దరం నవ్వాం.
తర్వాత అది కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మత్తిచ్చాక పెదం నాది కాకుండా పోయింది.
లోపల ఏదో నడుస్తోంది, నొప్పి లేకుండా,
తడిగుడ్డలో పిన్నీసు జరిగినట్టు.

పదిహేను రోజులు కారం వద్దన్నారు.
గుంటూర్లో! ఫిబ్రవరిలో!
యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
తిననివాళ్లకీ కళ్లు మండే ఊళ్లో
నేను, చల్లారిన మజ్జిగన్నం, ఒక స్పూను.
ఎదురు కొట్టు ఖైరున్నీసా చూసి
"ఎవరు కొట్టారక్కా?" అంది.
కాదని నమ్మించడానికి మూడు రోజులు పట్టింది.
ఆడదాని మూతి వాచిందంటే
ఇంకో కారణం ఎవరికీ తట్టదు.

ఒకప్పుడు వాచింది కూడా.
అప్పుడు ఎవరూ అడగలేదు.
సరే, ఆ సంగతి ఇప్పుడెందుకు.

కుట్లు తీసిన రోజు పొట్ట కింద చూసుకున్నాను.
పాతది పెద్దాసుపత్రిలో రాత్రి రెండింటికి
గోనెసంచి మూతి కుట్టినట్టు కుట్టారు.
ఇది చేతి హెమ్మింగు. దారం జాడే లేదు.
పని తెలిసినదాన్ని కనక మనసారా మెచ్చుకున్నాను.

"కొంత కరుగుతుంది, కొంత నిలుస్తుంది."
ఎంతన్నది ఒంటికే తెలుసట.
మూడు నెలలకి ఎడమ పక్క నూలుపోగంత తగ్గింది.
సరిచేస్తానంది. వద్దన్నాను.
రెండు భుజాలూ సమానంగా ఉన్న మనిషిని
ఈ టేపుతో ఒక్కర్ని కూడా కొలవలేదు నేను.

ఇవాళ ఒక పిల్ల, నిశ్చితార్థం జాకెట్టు.
వీపు దగ్గర గుడ్డ పట్టుకుని
అలవాటుగా సూది నోటి దాకా తెచ్చాను.
పెదం ఒప్పుకోలేదు.
మణికట్టు మీది దిండుకి గుచ్చాను.
"ఆంటీ, మెడ బాగుందా?" అంది అద్దంలోంచి.
ఊఁ అనబోయి,
నోరు ఖాళీగా ఉందని గుర్తొచ్చి
చెప్పడం మొదలుపెట్టాను.